ఆ చెరువు తవ్వింది మీరే

తెలుగు కథ చదివేవాడికి ఒక సౌకర్యం ఉంది. కథలో ఎంత ఘోరం జరిగినా అందులో తన చెయ్యి ఉండదు. రైతు పురుగుమందు తాగుతాడు. కారణం వడ్డీ వ్యాపారి, కాకపోతే విత్తనాల కంపెనీ, అదీ కాకపోతే ప్రభుత్వం, ఎవరూ దొరక్కపోతే ప్రపంచీకరణ. చదివేవాడు మాత్రం మొదటి వాక్యం నుంచి చివరి వాక్యం దాకా గట్టు మీదే కూర్చుని ఉంటాడు. కళ్ళు చెమ్మగిల్లుతాయి. కింద "గుండె బరువెక్కింది సార్" అని కామెంటు పెట్టి భోజనానికి లేస్తాడు.

ఇందులో కథకుడి తప్పు పెద్దగా లేదు. ముందుకే నడిచే కథలో పాఠకుడు చెయ్యగలిగేది చూడటమే. కానీ అతణ్ణి గట్టు మీంచి బురదలోకి దించే పద్ధతి ఒకటుంది. కొంత కథ చదివాక రెండో మూడో దారులు కనిపిస్తాయి. మీరు ఒకటి నొక్కుతారు. దాన్ని బట్టి తర్వాతి కథ వస్తుంది. మీరేం నొక్కారో కథ గుర్తుపెట్టుకుంటుంది. ఇంగ్లీషులో దీన్ని ఇంటరాక్టివ్ ఫిక్షన్ అంటారు. నేను 'ఎంపికల కథ' అంటున్నాను, ఇంతకంటే మంచి మాట ఎవరైనా చెబితే సంతోషం. మన సాహిత్యలోకం దీన్ని పిల్లలు ఫోన్‌లో ఆడుకునే ఆటల లెక్కలో వేసేసి చేతులు దులుపుకుంది. నా గొడవ అదీ.

తెనాలిలో ఒక సాహిత్య సమావేశంలో నేను రాసిన ఇలాంటి కథ ఒకటి తెర మీద చూపించాను. అయ్యాక ఓ పెద్దాయన లేచి, "బాగానే ఉంది బాబూ. కానీ ఇది కథ కాదు, క్విజ్. ముగింపు రాయడం చేతకాని రచయిత ఆ పని పాఠకుడి నెత్తిన పెట్టాడు" అన్నారు. చప్పట్లు కూడా పడ్డాయి. తర్వాత సన్మాన కార్యక్రమం ఉందని నాకు జవాబు చెప్పే టైం ఇవ్వలేదు. కాబట్టి ఇక్కడ చెబుతున్నాను.

ముందు ఆ కథేమిటో చెప్పాలి. పేరు 'ఉప్పు'. రేపల్లె దాటి సముద్రం వైపు వెళ్తే వచ్చే ఊళ్ళలో ఒకటి. ఊరికి పేరు పెట్టలేదు. మీకు ఎకరంన్నర సొంత మాగాణి, రెండెకరాలు కౌలు. అమ్మాయి బాపట్లలో హాస్టల్లో ఉండి ఇంజనీరింగ్ చదువుతోంది, ఫీజు కట్టాలి. పక్క చేను పిన్నిది, అరెకరం. ఆ చేను చివరే ఆవిడ ఇల్లు, మంచినీళ్ళ బావి. ఒకరోజు బైకు మీద లీజు మాట్లాడే మనిషి వస్తాడు. "బాబాయ్, మొన్న సార్వాలో ఎకరాకి నీకెంత మిగిలింది? నిజం చెప్పు" అంటాడు. వాడడిగిన లెక్కకి మీ దగ్గర జవాబుండదు. తెర మీద మూడు వాక్యాలు కనిపిస్తాయి: "లీజుకిస్తాను." "నేనే తవ్విస్తాను." "వరే వేస్తాను."

రొయ్యల సంగతి ఆ వైపు వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు, హైదరాబాదు పాఠకుల కోసం రెండు మాటలు. 1990ల మొదట్లో టైగర్ రొయ్య వచ్చింది. మేడలు లేచాయి. ఆ దశాబ్దం మధ్యలో వైట్‌స్పాట్ వచ్చి చెరువులకి చెరువులే తుడిచిపెట్టుకుపోయాయి. తీరప్రాంత నియంత్రణ పరిధిలో ఉన్న చెరువులు తీసెయ్యమని 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. 2005లో తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది, 2009 నుంచి వనామీకి అనుమతి దొరికింది, మళ్ళీ చెరువులు. తీర్పులూ చట్టాలూ ఎన్ని ఉన్నా, గట్టుకి ఇవతల ఉప్పునీళ్ళు నిలబెడితే గట్టుకి అవతల ఉప్పు ఊట దిగుతుంది. అది కోర్టు మాట వినదు. ఒకసారి చవిటి బారిన చేను మళ్ళీ వరికి రావాలంటే ఏళ్ళు పడుతుంది, మంచినీళ్ళతో కడగాలి, ఆ మంచినీళ్ళు కాలవ చివరి ఊళ్ళకి ఎప్పుడొస్తాయో అందరికీ తెలిసిందే.

ప్రోగ్రామర్‌గా చూస్తే ఇది వెనక్కి తిప్పలేని మార్పు. నా కథంతా దాని మీదే కట్టాను. లోపల మూడు లెక్కలు నడుస్తుంటాయి: డబ్బు, ఊట, పిలుపు. డబ్బు ఒక్కటే తెర మీద కనిపిస్తుంది. మొదటి పంట 40 కౌంటుకి వస్తుంది, కిలోకి నలభై రొయ్యలు, మంచి రేటు. ఫీజు కడతారు, పాత అప్పు తీరుతుంది, పిన్నికి రెండు కిలోలు పంపాలా వద్దా అని కూడా ఒక ఎంపిక. ఈలోగా ఊట లెక్క పెరుగుతూ ఉంటుంది. అది మీకు ఎక్కడా కనబడదు. కనబడేదల్లా పిన్ని మాట. మొదట్లో ఆవిడ "ఏరా అబ్బాయ్, ఏరేటర్ల మోతకి నిద్రుండట్లేదురా" అంటుంది. పంట మారాక "ఏం నాయనా" అంటుంది. ఇంకొన్నాళ్ళకి పేరు పెట్టి పిలుస్తుంది. ఆఖరికి ఒక పొద్దున గట్టు మీద నిలబడి, "ఏమండీ, మీ మోటారు కాస్త ఇటు తిప్పకండి" అంటుంది.

బావి ఉప్పయిందన్న వాక్యం కథలో ఎక్కడా లేదు. ఆ 'ఏమండీ' ఉంది.

సరే, తవ్వకపోతే? ధాన్యం రేటు సంగతి మీకు తెలుసు. రెండో ఏడు పిన్ని చేనుకి అవతలి వైపు ఇంకెవరో తవ్విస్తారు. ఊట ముందు ఆవిడ చేనుకి, ఆ తర్వాత మీ చేనుకి దిగుతుంది. మీ అమ్మాయి మూడో సంవత్సరంలో ఫోన్ చేసి "నాన్నా, ఫీజు సంగతి హాస్టల్లో మళ్ళీ అడిగారు" అంటుంది. పిన్ని మాత్రం "ఏరా" అనే పిలుస్తుంది. ఏ దారి మంచిదో నాకు తెలీదు. క్విజ్ అంటే ప్రశ్న వేసినవాడి దగ్గర జవాబు సిద్ధంగా ఉండాలి, జవాబు తప్పితే మార్కులు పోవాలి. మార్కులు లేని, జవాబు లేని క్విజ్ ఎక్కడైనా ఉంటుందా? పెద్దాయన మీద గౌరవంతోనే అడుగుతున్నా.

ఈ కథని కొందరికి పంపాను. రేపల్లె దగ్గర నిజంగానే చెరువులు చేసే ఒకాయన, నా స్నేహితుడి నాన్న, రాత్రి పదకొండింటికి ఫోన్ చేశారు. ముందు ఏరేటర్ల లెక్క గురించి పావుగంట వాదించారు. తర్వాత కాసేపు ఆగి, "ఆవిడ ఏమండీ అనదు. మాట్లాడ్డం మానేస్తుంది" అన్నారు. నేను కథ మార్చలేదు. కానీ గమనించండి, ఆయన పాత్రచిత్రణ గురించి మాట్లాడటం లేదు. శిల్పం, వస్తువు, దృక్పథం, మనం సమీక్షల్లో వాడే ఏ మాటా ఆయన వాడలేదు. ఎవరో గుర్తొచ్చి మాట్లాడారు. ఇదే కథని నేను మామూలుగా రాసి ఉంటే లీజు మనిషిని నాలుగు తిట్టి ఆయన హాయిగా పడుకునేవారు. ఇక్కడ "నేనే తవ్విస్తాను" అన్నది ఆయన వేలే.

ఇక రెండో అభియోగం, ముగింపు పాఠకుడి నెత్తిన పెట్టడం. ఇది ఈ రూపం గురించి తెలియనివాళ్ళు తరచుగా అనే మాట. పాఠకుడు ఏ దారిలో వెళ్ళినా ఆ దారిలో ప్రతి వాక్యం రచయితే రాయాలి. పైగా ఏ దారి ఇవ్వకూడదో కూడా రచయితే తేల్చుకోవాలి. 'ఉప్పు'లో "కలెక్టరుకి అర్జీ పెడతాను" అన్న దారి ఉంది. నొక్కితే అర్జీ పెడతారు, రసీదు ఇస్తారు, కథ మీరు ఎక్కడ వదిలారో అక్కడికే వస్తుంది. "ఊరంతా కలిసి తీర్మానం చేసుకుందాం" అన్న దారి లేదు. ఎందుకు లేదో అడగండి, చర్చిద్దాం. ఆ చర్చ సాహిత్య చర్చే.

కాళీపట్నం రామారావు గారి 'యజ్ఞం' 1964లో వచ్చింది. సీతారాముడు కొడుకుని చంపడం న్యాయమా, అలా రాయడం న్యాయమా అని దశాబ్దాల పాటు కొట్టుకున్నాం. ఆ కథలో పంచాయితీ నడిచే తీరు చూడండి. అప్పల్రాముడి ముందు ఉన్న దారులు ఒక్కోటీ, ఎంతో మర్యాదగా, ఎంతో ధర్మంగా మూసేస్తారు. ఎంపికల కథ రాసేవాడికి దాన్ని మించిన పాఠం లేదు. ఒక్కో బొత్తామూ బూడిదరంగుకి మారుతూ పోతుంటే చివరికి ఏం మిగిలింది అనేదే ఆ కథ. కారా గారు ముగింపు చెప్పలేక చర్చ పెట్టారని ఎవరూ అనలేదు కదా.

మూడో మాట, ఇది దిగుమతి సరుకని. కథానికా దిగుమతే, నవలా దిగుమతే, ఈ వ్యాసమూ దిగుమతి రూపమే. దీని మీద ఇంతకంటే టైం వృథా చెయ్యను. అలాగని "మన పూర్వీకులు ఇదంతా ఎప్పుడో చేసేశారు" అనే వరసలోనూ నేను లేను. ఈ మాటెత్తగానే మా తెనాలి వాళ్ళు పద్యనాటకం గురించి చెబుతారు. బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు గారు తెనాలి రామవిలాస సభ వేదిక మీద సత్యభామగా వస్తే జనం వన్స్‌మోర్ కొట్టేవారు, పాట మళ్ళీ పాడాల్సి వచ్చేది, అది ఇంటరాక్టివ్ కాదా అంటారు. కాదండీ. ఎన్ని వన్స్‌మోర్లు కొట్టినా రాయబారం విఫలమే అవుతుంది, కురుక్షేత్రం జరిగే తీరుతుంది. ప్రేక్షకుడు రాగాన్ని పొడిగించగలడు, కథని కదపలేడు.

కదపడానికి కాస్త దగ్గరగా వచ్చింది బేతాళుడు. 1947లో చందమామ పెట్టినవాళ్ళలో చక్రపాణి గారిది తెనాలి. 1952 నుంచి 1980లో పోయేదాకా దాన్ని నడిపిన కొడవటిగంటి కుటుంబరావు గారూ తెనాలిలోనే పుట్టారు. వాళ్ళ పత్రికలో బేతాళ కథలు ఎన్ని దశాబ్దాలు నడిచాయో, ఎన్ని కొత్త కథలు ఆ చట్రంలోకి వచ్చి చేరాయో మనందరికీ తెలుసు. ఆ చట్రంలో ఉన్న షరతు చూడండి: జవాబు తెలిసి కూడా ఊరుకుంటే తల పగులుతుంది. నోరు విప్పితే పడ్డ శ్రమంతా పోతుంది, శవం మళ్ళీ చెట్టెక్కుతుంది. ఏది చేసినా నష్టమే, ఏదీ చెయ్యకుండా ఉండటానికి వీల్లేదు. ఎంపికకి ఇంతకంటే గట్టి నియమం నేను ఏ ఆటలోనూ చూడలేదు. కాకపోతే ఆ షరతు విక్రమార్కుడికే గానీ పాఠకుడికి కాదు. ప్రశ్నకీ జవాబుకీ మధ్య పేజీ మీద చెయ్యి పెట్టి ఆలోచించిన పిల్లలు తమకి తాము ఆ షరతు పెట్టుకున్నారు, అంతే. పెద్దయ్యాక చెయ్యి తీసేశాం. పెద్దల సాహిత్యం ఆ చట్రాన్ని పిల్లల పత్రికకి వదిలేసి, తీర్పులన్నీ రచయితే చెప్పే పద్ధతికి వెళ్ళిపోయింది.

లూకాస్ పోప్ 2013లో చేసిన 'పేపర్స్, ప్లీజ్' అనే ఆట ఉంది. మీరు సరిహద్దులో పాస్‌పోర్టులు తనిఖీ చేసే చిన్న ఉద్యోగి. కాగితాలు సరిగ్గా లేని భార్యని భర్త వెనక లోపలికి పంపితే మీ జీతం కోసుకుపోవచ్చు, ఇంట్లో పిల్లాడికి మందు కొనలేరు. పంపకపోతే... మీకే తెలుసు. నియంతృత్వం మీద ఎన్నో నవలలు చదివాను. నా చేత ముద్ర వేయించుకున్నది ఇదొక్కటే. రేషన్ డిపో బల్ల వెనక, మార్కెట్ యార్డు కాటా దగ్గర, పరీక్ష హాల్లో కూర్చున్న మనిషి గురించి తెలుగులో ఇలాంటిది ఎందుకు రాకూడదు?

భాష చాలదనే వాళ్ళున్నారు. నిజానికి చాలనిది ఒక్కచోటే. 1976లో విల్ క్రౌథర్ అనే ప్రోగ్రామరు, కెంటకీలో తాను తిరిగిన మామత్ గుహ ఆధారంగా 'కొలాసల్ కేవ్' రాశాడు, మరుసటి ఏడు డాన్ వుడ్స్ దాన్ని పెంచాడు. ఆ తరహా ఆటల్లో మీరే ఆజ్ఞలు టైపు చెయ్యాలి, యంత్రం అర్థం చేసుకోవాలి. ఇంగ్లీషులో రెండు పదాలతో పని జరిగిపోతుంది. తెలుగులో పెట్టె, పెట్టెని, పెట్టెలో, పెట్టెలోంచి, పెట్టెమీద. తియ్యి, తీయి, తియ్, తీ, తీయండి. సంధులూ విభక్తులూ విడగొట్టే యంత్రం రాసుకోవాలి, అది పెద్ద పని. కానీ దారులు చూపించి నొక్కమనే పద్ధతిలో ఆ బాధే లేదు. క్రిస్ క్లిమాస్ 2009లో తెచ్చిన ట్వైన్ ఉచితం. రెండు చదరపు బ్రాకెట్ల మధ్య వాక్యం రాస్తే అది దారి అవుతుంది. చివరికి వచ్చేది మామూలు వెబ్ పేజీ కాబట్టి ఫోన్‌లో తెలుగు చక్కగా కనిపిస్తుంది.

అసలు ఈ రూపానికి తెలుగు పుట్టుకతోనే సిద్ధంగా ఉందని నా వాదన. ఎంపికల కథ మధ్యమ పురుషలో నడుస్తుంది. హిందీలో 'నువ్వు వెళ్ళావు' అనాలంటే వెళ్ళింది మగో ఆడో ముందే తేలాలి. తెలుగులో 'వెళ్ళావు' అంటే చాలు, చదివేది ఎవరైనా ఒదిగిపోతారు. కానీ కథలో ఇంకో మనిషి నోరు తెరవగానే ఏరా, ఏమ్మా, ఏమే, బాబాయ్, సార్, ఏమండీ: మీరెవరో, మీ స్థాయేమిటో, నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మారిందో ఒక్క పిలుపులో వచ్చేస్తుంది. ఇంగ్లీషు రచయిత సంబంధం చెడిందని చెప్పడానికి పేరాగ్రాఫు రాసుకోవాలి. ఇంకో సంగతి. ఇంగ్లీషు ఆటల్లో ఎంపిక చాలాసార్లు ఆజ్ఞలా ఉంటుంది: 'సంతకం పెట్టు' అన్నట్టు, ఎవరో బొమ్మకి చెప్పినట్టు. తెలుగులో 'సంతకం పెడతాను' అని రాయొచ్చు, ఎబ్బెట్టుగా ఉండదు. ఆ 'ను' చూసి నొక్కినవాడు మాటిచ్చినట్టే.

ఇప్పుడు మావాళ్ళ సంగతి. సాఫ్ట్‌వేర్ వాళ్ళం ఈ రూపాన్ని పట్టుకోగానే అడిగే మొదటి ప్రశ్న, "ఎన్ని ముగింపులున్నాయి?" ప్రతి మలుపులో రెండు దారుల చొప్పున ఇరవై మలుపులు పెడితే 10,48,576 ముగింపులు వస్తాయి. ఎవడూ రాయలేడు, ఎవడూ చదవడు. ఎడ్వర్డ్ ప్యాకర్డ్ 1979లో రాసిన 'కేవ్ ఆఫ్ టైమ్' పుస్తకంలో దారులు చీలుతూనే ఉంటాయి, చాలావరకు నాలుగు పేజీల్లోనే కథ అయిపోతుంది. పిల్లలకి సరదా. పెద్దల కథకి దారులు చీలి మళ్ళీ కలవాలి, కలిసినా వచ్చిన దారి మచ్చ మిగలాలి. 'ఉప్పు'లో ముగింపులు నాలుగే. కొత్తగా వచ్చిన ఇంకో గోల, ఏఐతో అంతులేని కథ. మీరేం టైపు చేసినా అది "తప్పకుండా" అంటుంది. బావి ఉప్పయిందా, మంచినీళ్ళ బావి ఇంకోటి తవ్వానని టైపు చెయ్యండి, తవ్వేస్తుంది, పిన్ని నవ్వుతుంది. కాదు, కుదరదు అని చెప్పలేనిది కథ ఎలా చెబుతుంది? పైగా పిన్ని కూడా మిమ్మల్ని మొదటి నుంచీ 'మీరు' అనే పిలుస్తుంది!

ట్వైన్‌లో పక్కన వెనక్కి వెళ్ళే బాణం ఒకటి ఉంటుంది. దాన్ని తీసేశాను. చదివినవాళ్ళలో ఎక్కువమంది చేసిన ఫిర్యాదు అదే. ఒక చోట తప్పు నొక్కాం, వెనక్కి పోనివ్వవా అని. మళ్ళీ మొదటి నుంచి చదువుకోవచ్చు, కానీ మధ్యలో దిద్దుకోవడానికి లేదు.

దివిసీమ ఉప్పెన మీద కూడా ఇలా రాయాలని నా కోరిక. 1977 నవంబరు 19, శనివారం. కృష్ణకి అటు దివిసీమ, ఇటు రేపల్లె, నిజాంపట్నం, బాపట్ల తీరం. దాని మీద వచ్చే ప్రతి కథలో పాఠకుడికి సాయంత్రానికి ఏమవుతుందో ముందే తెలుసు. అందుకే పొద్దున గేదెల దగ్గర ఆగిపోయిన మనిషిని చూసి "అయ్యో, వెళ్ళిపోవచ్చు కదా" అనుకుంటాడు. ఆ మనిషికి అది తెలీదు. గాలివానలు అంతకుముందూ వచ్చాయి, రేడియో అంతకుముందూ చెప్పింది, ఇల్లు వదిలి వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చి నవ్వులపాలైన సందర్భాలూ ఉంటాయి. గేదె పలుపు విప్పి వదిలేస్తే అది పోతుంది, అదే ఇంటికి ఆధారం. అలాంటప్పుడు మీరు "ఉంటాను" నొక్కుతారా, "బయల్దేరతాను" నొక్కుతారా? సంవత్సరం పేరు చెప్పకుండా, ఉప్పెన అన్న మాట రాకుండా, కథ మొదటి భాగంలో రెండు మామూలు తుఫాన్లు దాటించి మూడోసారి అడగాలి. గట్టు మీద కూర్చుని ఆ రాత్రిని రాయడం వేరు, ఇది వేరు.

రాసి ఎక్కడ వేస్తావు అంటారా? అదే అసలు సమస్య. నెట్‌ఫ్లిక్స్ 2018లో 'బ్యాండర్‌స్నాచ్' తెచ్చి పండగ చేసింది, 2025లో తీసేసింది. పెద్ద కంపెనీలని నమ్ముకుంటే అంతే. అచ్చు పత్రికలు వెయ్యలేవు, ఒప్పుకుంటాను. మరి వెబ్ పత్రికలకేం వచ్చింది? పేజీ వెబ్ పేజీయే, చదివేది ఫోన్‌లోనే, అయినా రచన పంపమంటే "వర్డ్ ఫైలు, యూనికోడ్‌లో" అంటారు. వచ్చినదాన్ని కాగితం మీద పరిచినట్టు పై నుంచి కిందికి పరుస్తారు. వెబ్ పత్రికలు మొదలై ఇన్నేళ్ళయినా వెబ్‌లో మాత్రమే చెయ్యగలిగిన కథని ఒక్కదాన్ని అడిగిన సంపాదకుడు నాకు తగల్లేదు. ఒకరికి 'ఉప్పు' పంపితే, "అన్ని దారులూ కలిపి ఒకే కథగా రాసి పంపండి, పరిశీలిస్తాం" అని జవాబొచ్చింది.

ఆ ఫైలు ఒక ఫోటో అంత కూడా ఉండదు. వాట్సాప్‌లో పంపొచ్చు, సర్వరు అక్కర్లేదు, తెరిచాక నెట్ కూడా అక్కర్లేదు. తెనాలి నుంచి రేపల్లె ప్యాసింజర్ ఆఖరి స్టేషన్ చేరేలోపు ఒకసారి పూర్తిగా చదవొచ్చు. కావలసిన వాళ్ళు అడగండి, పంపుతాను. బాణం మాత్రం పెట్టను.